భారత ఫుట్‌బాల్ గురువర్యులు సయ్యద్ అబ్దుల్ రహీం

ఫుట్‌బాల్ వృత్తిగా స్థిరపడిన దేశాలలో జట్టు శిక్షకుని పదవి నీటిమీది బుడగ వంటిది. వరుసగా అయిదారు ఆటలు ఓడిపోతే చాలు, పత్రికలు గగ్గోలు పెడతాయి, ప్రేక్షకులు నినాదాలు చేస్తారు, యజమానులు మరొకరిని వెదుకుతారు. ఆడినవారు మిగులుతారు, ఆడించినవాడు ఇంటికి పోతాడు. అక్కడ కూడా దీర్ఘకాలం నిలిచినవారు లేకపోలేదు. ఇంగ్లండులోని మాంచెస్టర్ యునైటెడ్ సంస్థకు 1945లో మేనేజరుగా వచ్చిన మాట్ బస్బీ 1969 వరకు ఆ బాధ్యత వహించారు. 1958 ఫిబ్రవరి 6న మ్యూనిక్ నగరంలో జరిగిన విమాన ప్రమాదంలో 23 మంది మరణించారు. వారిలో ఎనిమిదిమంది ఆ జట్టు ఆటగాళ్లు. మృత్యుముఖం నుండి బయటపడిన బస్బీ మళ్లీ మొదటినుండి జట్టును నిర్మించి, సరిగా పదేళ్లకు, 1968లో యూరోపియన్ కప్పును సాధించారు. ఆ పదేళ్లు ఆగే ఓపిక ఆ సంస్థకు ఉండబట్టి అది సాధ్యమైంది. అదే సంస్థలో 1986 నుండి 2013 వరకు పనిచేసిన అలెక్స్ ఫెర్గూసన్ కూడా తొలి మూడేళ్లలో పెద్ద కప్పు ఏదీ గెలవలేదు.

ఇటువంటి ఉదాహరణలకు మనవారు తరచుగా విదేశాలవైపే చూస్తూ ఉంటారు. కాని దాదాపు అదే కాలంలో, మన దక్కను గడ్డమీద, ధనబలం గాని వృత్తి సంఘాల అండ గాని లేని పరిస్థితులలో, ఒక వ్యక్తి పదమూడేళ్లపాటు ఒకే జట్టును తీర్చిదిద్దుతూ, దానితోపాటే భారతదేశపు జట్టును కూడా నడిపించారు. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాదు వీధుల్లో రహీం సాబ్. భారతదేశం ఆసియా క్రీడలలో ఫుట్‌బాల్ స్వర్ణపతకాన్ని రెండే రెండుసార్లు, 1951లో, 1962లో, గెలుచుకున్నది. రెండుసార్లూ శిక్షకులు ఆయనే. మన పాఠశాల ఉత్సవ సంచికలో ఒక ఫుట్‌బాల్ శిక్షకుని జీవితానికి ఏమి సంబంధమని ఎవరైనా సందేహించవచ్చు. రహీం గారు వృత్తిరీత్యా బడిపంతులు.

ఆయన 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. నిజాము పాలనలోని ఆనాటి హైదరాబాదు సంస్థానంలో 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఆంగ్లంలో తప్ప ఉన్నత విద్య సాధ్యం కాదని దేశమంతటా నమ్ముతున్న రోజుల్లో, ఉర్దూను బోధనభాషగా స్వీకరించి శాస్త్రాలన్నింటినీ అందులోనే చెప్పిన విద్యాపీఠం అది. (తెలుగు రాష్ట్రాల పొలిమేరలు దాటి వచ్చి, తెలుగు మాధ్యమంలో బడి నిలబెట్టుకున్న మనబోటివారికి ఆ ప్రయత్నంలోని సాహసం వేరే చెప్పనక్కరలేదు. ఆ సంస్థానంలో అధిక సంఖ్యాకుల మాతృభాష తెలుగైనా ఆ భాగ్యం ఉర్దూకే దక్కిందన్నది వేరే సంగతి.) రహీం గారు ఆ విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు, దాని జట్టులో ఆడారు. తరువాత స్థానిక జట్లలోనూ ఆడారు. మంచి ఆటగాడే గాని, ఆటగాడుగా ఆయన పేరు హైదరాబాదు దాటి ఎక్కువ దూరం పోలేదు.

చదువు ముగిశాక కాచిగూడ మిడిల్ స్కూలులో ఉపాధ్యాయులుగా చేరారు. ఉర్దూ షరీఫ్ స్కూలులోను, దారుల్ ఉలూం హైస్కూలులోను, చాదర్‌ఘాట్ హైస్కూలులోను పనిచేశారు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా పుచ్చుకొని, చివరి రెండు బడులలో ఆటల బాధ్యత కూడా చేపట్టారు. అంటే మన పిల్లల భాషలో చెప్పాలంటే డ్రిల్లు మాస్టారు. ఏ బడిలోనైనా డ్రిల్లు మాస్టారంటే ప్రార్థన గంటకు వరుసలు సరిచేసే వ్యక్తిగానే చూడడం మనకు పరిపాటి. పరీక్షలు దగ్గరపడగానే ఆయన పీరియడును లెక్కల మాస్టారికి ధారపోయడం మరో పరిపాటి. రహీం గారు మాత్రం ఆ గంటనే తన ప్రయోగశాలగా మార్చుకున్నారు. ఎదిగిన ఆటగాళ్లకు దురభ్యాసాలు మాన్పించడం కంటె ఎదుగుతున్న పిల్లలకు మంచి అభ్యాసాలు నేర్పడం తేలిక అన్న సంగతి తరగతి గదిలో పనిచేసినవారికి తెలిసినంతగా ఇతరులకు తెలియదు.

ఆ కాలంలో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి బాధ్యత కూడా ఆయన మీద పడింది. ఆ హోదాలో ఆయన ఏర్పాటు చేసిన కొన్ని పోటీలు నేటికీ ఆశ్చర్యం కలిగిస్తాయి. ఒక పోటీలో బంతిని కాలివద్ద ఉంచుకొని డ్రిబ్లింగ్ చేయడం నిషేధం, అందిన బంతిని అందినట్టే సహచరునికి అందించాలి. మరొక పోటీలో ఆటగాడు తనకు అలవాటు లేని కాలితోనే బంతిని తన్నాలి. కుడికాలి వాటం వాడు ఎడమకాలితో ఆడవలసిందే. ఈ నియమాల వెనుక ఉన్న ఆలోచన స్పష్టమే. మన ఆటగాడికి సహజంగా ఉన్న మోజు బంతిని తన దగ్గరే ఉంచుకొని నలుగురిని తప్పించి ప్రేక్షకులచేత చప్పట్లు కొట్టించుకోవడం. చప్పట్లు వాడికి దక్కుతాయి, ఆట ఓడిపోతుంది. ఉపన్యాసాలతో మానని ఆ అలవాటును ఆయన ఆట నియమం మార్చి మాన్పించారు. పిల్లవాడు తప్పు చేయడానికి అవకాశం లేని విధంగా పాఠాన్ని అమర్చడం మంచి ఉపాధ్యాయుని లక్షణమని శిక్షణ కళాశాలల్లో మనకు చెప్పేవారు. దానికి ఇంతకంటె మంచి నిదర్శనం నాకు కనబడలేదు.

1950లో ఆయన హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకులయ్యారు. ఈ జట్టు పూర్వం సిటీ అఫ్గాన్స్ అనే పేరుతో ఆడేది. 1943లోనే బెంగుళూరు వచ్చి ఆష్ గోల్డ్ కప్పు గెలిచి దక్షిణాదిన పేరు తెచ్చుకున్నది. 1948 సెప్టెంబరులో హైదరాబాదు భారత యూనియనులో విలీనమైంది. ప్రభుత్వం మారింది, అధికారులు మారారు, టోపీమీది చిహ్నం మారింది. అటువంటి సంధికాలంలో ఒక పోలీసు ఫుట్‌బాల్ జట్టు చెదిరిపోకుండా నిలవడమే విశేషం. నిలవడమే కాదు, ఆ తరువాతనే దాని స్వర్ణయుగం ఆరంభమైంది.

బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పు ఆనాడు దేశంలోని ప్రతిష్ఠాత్మక పోటీలలో ఒకటి. 1950, 1951, 1952, 1953, 1954, వరుసగా అయిదేళ్లు ఆ కప్పు హైదరాబాదు పోలీసులదే. కలకత్తా నుండి మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మదన్ స్పోర్టింగ్ వంటి హేమాహేమీలు పాల్గొనే పోటీ అది. ఢిల్లీలో జరిగే డ్యురాండ్ కప్పును 1950లోను, 1954లోను, 1957లోను గెలిచారు. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాదు 1956లో, 1957లో వెంటవెంటనే దక్కించుకున్నది. ఆంధ్రప్రదేశ్ అవతరణ జరిగిన కొన్నేళ్లకు ఆ పోలీసు జట్టు ఆంధ్రా పోలీసు అయింది. పేరు మారినా 1960లో రోవర్స్ కప్పు, 1961లో డ్యురాండ్ కప్పు వచ్చాయి. శిక్షకులు మాత్రం ఆ ఒక్కరే.

నాటి మన దేశంలో ఫుట్‌బాల్ బాహాటంగా వృత్తి కాదని ఇక్కడ గుర్తుంచుకోవాలి. ఆడేవాడికి పోలీసులోనో రైల్వేలోనో కొలువు ఇచ్చేవారు. ఆ కొలువే వాడి కుటుంబానికి జీవనాధారం. కలకత్తా క్లబ్బులు మాత్రం పైకి చెప్పకుండా ధనం ఇచ్చి ఆటగాళ్లను ఆకర్షించేవి. హైదరాబాదులో తయారైన కుర్రవాడు పేరు తెచ్చుకోగానే కలకత్తా రైలెక్కడం మామూలైపోయింది. ఈ పరిస్థితిలో ఏ శిక్షకుడైనా నిరాశపడతాడు. రహీం గారికి మాత్రం పోయినవాడి స్థానంలో నిలబెట్టడానికి మరొకడు తయారుగా ఉండేవాడు. బడి మైదానాలనుండి పోలీసు జట్టుదాకా ఒకే పద్ధతిలో శిక్షణ సాగడం వల్ల, పైనుండి ఒకడు జారిపోతే కిందినుండి మరొకడు అదే పాఠం చదువుకొని పైకి వచ్చేవాడు. ఏడాదికొక శిక్షకుడు మారే చోట ఇది ఊహకందని సంగతి.

ఆ విధంగా పైకి వచ్చినవారిలో తులసీదాస్ బలరాం ఒకరు. సికింద్రాబాదు సమీపంలోని అమ్ముగూడలో తమిళ కుటుంబంలో పుట్టిన పేదపిల్లవాడు. అతని ఆట చూసిన రహీం గారు శిక్షణకు రమ్మని పిలిచారు. రోజూ అంతదూరం రావడానికి పిల్లవాడి వద్ద డబ్బు లేదు. అద్దె సైకిలు ఖర్చులు రహీం గారే భరించారు. ఆ బలరాం రెండు ఒలింపిక్స్‌లలో, రెండు ఆసియా క్రీడలలో దేశం తరఫున ఆడి, భారత ఫుట్‌బాల్ చూసిన అత్యుత్తమ ఫార్వర్డులలో ఒకరుగా నిలిచారు. 2023 ఫిబ్రవరిలో పరమపదించేవరకు తన గురువును తలచుకుంటూనే ఉండేవారు.

ఇక భారత జట్టు సంగతి. 1951 మార్చిలో న్యూఢిల్లీలో తొలి ఆసియా క్రీడలు జరిగాయి. శైలేన్ మన్నా నాయకత్వంలోని మన జట్టు ఇండోనేషియాను, అఫ్గానిస్థాన్‌ను ఓడించి, ఫైనల్లో ఇరాన్‌పై సాహూ మేవాలాల్ కొట్టిన ఒకే ఒక గోలుతో గెలిచింది. స్వాతంత్ర్యం వచ్చి నాలుగేళ్లు నిండని దేశానికి అది చిన్న ఆనందం కాదు.

మరుసటి ఏడే అవమానం ఎదురైంది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో మన జట్టు 10-1 తేడాతో ఓడిపోయింది. ఆ ఒక్క గోలూ బెంగుళూరు వాస్తవ్యుడు అహమద్ ఖాన్ కొట్టినది. ఉత్తర దేశపు చలిలో, తడి పచ్చికమీద, మనవారిలో అధికులు బూట్లు లేకుండా ఆడారు. కొందరు పాదాలకు పట్టీలు చుట్టుకున్నారు. బూట్లు వేసుకుంటే బంతి స్పర్శ తెలియదని ఆనాటి మన ఆటగాళ్ల గట్టి నమ్మకం. వట్టికాళ్ల ఆట గురించి గర్వంగా చెప్పుకొనే కథలు మనకు చాలా ఉన్నాయి. ఆ కథలన్నీ హెల్సింకిలో ముగిసిపోయాయి. తదుపరి అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లను తప్పనిసరి చేసింది.

పది గోల్స్ పుచ్చుకొని తిరిగివచ్చిన శిక్షకుణ్ణి ఏ దేశమైనా ఏమి చేస్తుంది? మన సమాఖ్య ఆయనను దూరం చేయలేదు. ఆ తరువాత కొన్ని పోటీలకు వేరొకరిని పంపినా, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ వచ్చేసరికి జట్టును మళ్లీ ఆయన చేతికే అప్పగించింది. అది విజ్ఞతతో చేసిన పనో, మరొకరు దొరకక చేసిన పనో నేను నిశ్చయంగా చెప్పలేను. ఫలితం మాత్రం చరిత్రలో ఉన్నది.

ఆ నాలుగేళ్లలో రహీం గారు ఏమి చేశారు? బ్రిటిషువారు నేర్పిపోయిన పాతకాలపు ఆటలో వెనుక ఇద్దరు ఫుల్‌బ్యాకులు, మధ్య ముగ్గురు, ముందు అయిదుగురు ఉండేవారు. ఐరోపాలో ఆ పద్ధతి ఎన్నడో పాతబడింది. వెనుక ముగ్గురిని నిలిపే పద్ధతిని ఆయన మనవారికి అలవాటు చేశారు. 1953 నవంబరులో హంగరీ జట్టు లండనులోని వెంబ్లీ మైదానంలో ఇంగ్లండును 6-3 తేడాతో చిత్తుచేసింది. వారి సెంటర్ ఫార్వర్డు ముందు నిలబడక కొంత వెనుకకు జరిగి ఆడడంతో అతనిని ఎవరు కాపలా కాయాలో ఇంగ్లండువారికి తోచలేదు. ఈ ఎత్తును కూడా రహీం గారు గ్రహించి మన జట్టు కూర్పుకు తగినట్టు మలచుకున్నారు. 1958లో బ్రెజిల్ ప్రపంచ కప్పులో చూపిన 4-2-4 పద్ధతిని మనవారు అంతకుముందే మెల్‌బోర్న్‌లో ఆడారని వ్రాసినవారు ఉన్నారు. అది కొంత అభిమానంతో అన్నమాటగానే నాకు తోస్తుంది. టెలివిజను లేని రోజులలో, చాదర్‌ఘాట్ బడిలో పనిచేసిన ఒక ఉపాధ్యాయుడు ప్రపంచ ఫుట్‌బాల్‌లో వస్తున్న మార్పులను ఏళ్ల తరబడి ఆలస్యం కాకుండా పట్టుకోగలిగాడన్నది మాత్రం నిజం. మెచ్చుకోవడానికి అది చాలు.

కొత్త ఎత్తు తెలిసినంత మాత్రాన ఆటగాళ్లకు అది పట్టుబడదు. దేశపు జట్టు శిక్షకునికి ఆటగాళ్లు ఏడాదిలో కొన్ని వారాలు మాత్రమే దొరుకుతారు. బస్బీ వలె ప్రతి ఉదయం వారిని తన ముందు నిలబెట్టుకొనే అవకాశం ఉండదు. రహీం గారు ఈ చిక్కును విప్పుకొన్న తీరులోనే ఆయన దీర్ఘకాల సేవ విలువ తెలుస్తుంది. కొత్త పద్ధతిని ఆయన ముందు హైదరాబాదులో పరీక్షించేవారు. పోలీసు జట్టు దానిని రోవర్స్‌లోను డ్యురాండ్‌లోను ఆడి చూపేది. భారత జట్టు శిబిరానికి వచ్చేసరికి హైదరాబాదు ఆటగాళ్లకు పాఠం కంఠస్థమై ఉండేది, మిగిలినవారు వారిని చూసి నేర్చుకొనేవారు. మెల్‌బోర్న్ వెళ్లిన జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికర్, బలరాం మొదలైన హైదరాబాదు కుర్రవాళ్లు పలువురు ఉండడానికి కారణం ఇదే. కలకత్తాలో ఆడేవారే భారత జట్టు అన్న భావన బలంగా ఉన్న కాలంలో ఇది అందరికీ రుచించి ఉండదు.

1956 డిసెంబరు 1న మెల్‌బోర్న్‌లో మన జట్టు ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను 4-2 తేడాతో ఓడించింది. బొంబాయి ఆటగాడు నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోల్స్ చేశాడు. ఒలింపిక్స్‌లో అలా మూడు గోల్స్ చేసిన మొదటి ఆసియావాసి అతడే. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా దేశం మనదే. అక్కడ ఎదురైనది మళ్లీ యుగోస్లావియా. ముందుగా గోలు చేసింది మనవారే, డిసౌజాయే. తరువాత వారు పుంజుకొని 4-1తో గెలిచారు. కంచు పతకం కోసం జరిగిన ఆటలో బల్గేరియా 3-0తో నెగ్గింది. నాలుగో స్థానంతో తిరిగివచ్చాము. నాలుగేళ్ల క్రితం 10-1, ఇప్పుడు 4-1. ప్రత్యర్థి అదే, శిక్షకుడూ అతడే.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో మన జట్టుకు పడిన విభాగం కఠినమైనది. హంగరీతో 1-2, పెరూతో 1-3 తేడాతో ఓడిపోయాము. ఫ్రాన్సుతో మాత్రం పి.కె. బెనర్జీ గోలుతో ఆధిక్యంలో ఉండి, చివరికి 1-1తో సమానంగా ముగించాము. ఈ యాత్రలో ఒక సంగతి ఉపాధ్యాయులందరికీ తెలియదగినది. రహీం గారి కుమారుడు సయ్యద్ అబ్దుల్ హకీం ఆ జట్టులో సభ్యుడు. మూడు ఆటలు జరిగినా అతనికి మైదానంలో దిగే అవకాశం రాలేదు. తన బిడ్డ చదువుతున్న తరగతికే పాఠం చెప్పవలసి వచ్చిన ఉపాధ్యాయుడు ఒక్కొక్కప్పుడు తన బిడ్డకే అన్యాయం చేస్తాడని మన వృత్తిలో అనుకుంటూ ఉంటాము. ఇక్కడ జరిగింది అన్యాయమో న్యాయమో హకీం గారికే తెలియాలి. ఆయన తరువాత భారత వైమానిక దళంలో పనిచేసి, శిక్షకులుగా పేరుపొంది, తండ్రి బాటలోనే నడిచి 2022లో మరణించారు. తండ్రిని గురించి చివరిదాకా గౌరవంగానే చెప్పేవారు.

1962 నాటికి రహీం గారి ఆరోగ్యం క్షీణించింది. ఊపిరితిత్తులను క్యాన్సర్ పట్టుకున్నది. ఆ దేహంతోనే ఆయన జకార్తా ఆసియా క్రీడలకు జట్టును సిద్ధం చేశారు. నాయకుడు చునీ గోస్వామి. కుడివైపు పి.కె. బెనర్జీ, ఎడమవైపు బలరాం. వెనుక జర్నయిల్ సింగ్, అరుణ్ ఘోష్. గోల్‌లో పీటర్ తంగరాజ్, ప్రద్యోత్ బర్మన్. హైదరాబాదు నుండి యూసుఫ్ ఖాన్, అఫ్జల్.

మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడిపోయాము. రెండవ ఆటలో థాయిలాండును 4-1తో గెలిచాము గాని, జర్నయిల్ సింగ్ తలకు పెద్ద గాయమై కుట్లు పడ్డాయి. తరువాత జపానును 2-0తో ఓడించి సెమీఫైనల్‌కు చేరాము. తంగరాజ్ జ్వరంతో పడుకున్నాడు. తలకు కట్టుతో ఉన్న జర్నయిల్‌ను తన స్థానమైన రక్షణలో నిలబెడితే బంతిని తలతో అడ్డుకోవలసి వచ్చినప్పుడల్లా ప్రమాదం. పక్కన కూర్చోబెడితే అంతటి బలశాలిని పోగొట్టుకున్నట్టే. రహీం గారు అతనిని వెనుకనుండి తీసి సెంటర్ ఫార్వర్డుగా ముందుకు పంపారు. రక్షణ భారం అరుణ్ ఘోష్ తదితరులమీద వేశారు. దేశంలోకెల్లా మేటి రక్షకుణ్ణి ముందువరుసలో ఆడించడం చూసినవారికి పిచ్చిపనిగా తోచి ఉంటుంది. దక్షిణ వియత్నాంతో జరిగిన సెమీఫైనల్లో 3-2తో గెలిచాము. అందులో ఒక గోలు జర్నయిల్‌దే. ఆటగాడు చిన్ననాడు ఏ స్థానంలో ఆడాడో, అతని కాలికి ఏ ఏ పనులు వచ్చునో ఏళ్ల తరబడి గమనించిన శిక్షకుడు తప్ప మరొకరు చేయదగిన పని కాదది.

ఫైనల్ 1962 సెప్టెంబరు 4న జరిగింది. సెనయాన్ స్టేడియంలో లక్షమంది ప్రేక్షకులు. వారంతా మనకు వ్యతిరేకులు. కారణం ఆట కాదు. ఇజ్రాయెల్, తైవాన్ దేశాల క్రీడాకారులకు ఇండోనేషియా ప్రభుత్వం ప్రవేశం నిరాకరించింది. దానిని మన దేశానికి చెందిన క్రీడాధికారి గురుదత్ సోంధీ తప్పుపట్టారు. దానితో జకార్తా వీధుల్లో భారతీయులపై ఆగ్రహం పెల్లుబికింది. మన ఆటగాళ్లు గుర్తింపు కనబడకుండా ప్రయాణించవలసిన స్థితి. మన జాతీయగీతం వినిపించినప్పుడు కూడా కేకలు ఆగలేదంటారు. ఫైనల్‌కు ముందు రాత్రి రహీం గారు ఆటగాళ్లను చేరదీసి, తనకు ఆ బంగారు పతకాన్ని కానుకగా ఇమ్మని కోరారని ఆ జట్టువారు తరువాత ఎన్నోసార్లు చెప్పారు. ఆయన ఆరోగ్యస్థితి వారిలో ఎందరికి ఎంతవరకు తెలుసునో గాని, ఆ కోరికలోని దైన్యం వారికి అర్థమైంది.

ఎదురుగా నిలిచింది తొలి ఆటలో మనను ఓడించిన దక్షిణ కొరియాయే. జ్వరంనుండి కోలుకున్న తంగరాజ్‌ను రహీం గారు తిరిగి గోల్‌లో నిలిపారు. 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ మొదటి గోలు చేశాడు. మూడు నిమిషాలకే, 20వ నిమిషంలో, తల కట్టుతో ఆడుతున్న జర్నయిల్ సింగ్ రెండవది చేశాడు. మిగిలిన డెబ్బయి నిమిషాలూ కాపాడుకోవలసిన కాలమే. ఆట ముగియవస్తుండగా కొరియా ఒక గోలు చేసింది. అంతకుమించి సాగనివ్వలేదు. 2-1తో స్వర్ణం మనదైంది.

తొమ్మిది నెలలు గడిచాయి. 1963 జూన్ 11న రహీం గారు హైదరాబాదులో కన్నుమూశారు. ఆయన వయస్సు 53 సంవత్సరాలు.

ఆయన పోయిన మరుసటి ఏడు, 1964లో, ఆంగ్లేయుడైన హ్యారీ రైట్ శిక్షణలో భారతదేశం ఆసియా కప్పు పోటీలో రెండవ స్థానం పొందింది. ఆడినవారిలో పలువురు రహీం గారు దిద్దినవారే. అటుపై భారత జట్టుకు స్వదేశీయులు, విదేశీయులు ఎందరో శిక్షకులుగా వచ్చారు, వెళ్లారు. కొందరు సమర్థులు కూడా. ఎవరికీ పదమూడేళ్లు దొరకలేదు. హైదరాబాదులో బడులనుండి పోలీసు జట్టుదాకా ఉన్న ఆ మెట్ల వరుస కూడా క్రమంగా కూలిపోయింది. ఆట మైదానాలు ఇళ్ల స్థలాలైనాయి, మిగిలిన వాటిలో క్రికెట్ చేరింది. ఈ క్షీణతకు శిక్షకులు తరచుగా మారడమే ఏకైక కారణమని అనడం సరికాదు. ఆసియాలోని ఇతర దేశాలు వేగంగా ముందుకు సాగాయి, మన సమాఖ్య వ్యవహారాలు వేరే కథ. అయినా 1952లో పది గోల్స్ ఓటమి తరువాత చూపిన ఓపికను మనవారు మరెవరిపట్లా అంతగా చూపలేదన్నది కాదనలేని విషయం.

బతికి ఉండగా ఆయనకు చెప్పుకోదగిన జాతీయ సత్కారం ఏదీ జరగలేదు. శిక్షకులకు ఇచ్చే ద్రోణాచార్య పురస్కారం 1985లో గాని మొదలు కాలేదు. ఆయన జీవితం ఆధారంగా 2024లో మైదాన్ అనే హిందీ చలనచిత్రం వచ్చింది. సినిమాకు కావలసిన కల్పనలు అందులో ఉన్నాయి గాని, హైదరాబాదులోనే ఆయన పేరు వినని తరానికి ఆయనను పరిచయం చేసింది.

ఆసియా క్రీడలలో భారత ఫుట్‌బాల్ జట్టు పతకం అందుకున్నది ఆయన తరువాత ఒక్కసారే. 1970లో బ్యాంకాక్‌లో కంచు పతకం వచ్చింది. శిక్షకులలో ఒకరు జకార్తాలో మొదటి గోలు చేసిన పి.కె. బెనర్జీ. నాయకుడు హైదరాబాదులో పుట్టి పెరిగిన సయ్యద్ నయీముద్దీన్. 1990లో ద్రోణాచార్య పురస్కారం అందుకున్నది ఆ నయీముద్దీనే.